రెండు జట్ల పోరా, మూడు జట్ల గ్రూపా?

మహిళల టెన్నిస్‌లో దేశాల జట్లు తలపడే బిల్లీ జీన్ కింగ్ కప్ ప్లేఆఫ్‌లో భారత్ నెగ్గితే పైకి, ఓడితే మళ్ళీ ఆసియా-ఓషియానియా గ్రూపుకే. 2021లో లాత్వియాతో జుర్మలాలో ఆడింది పాత పద్ధతి: రెండు రోజులు, నాలుగు సింగిల్స్, ఒక డబుల్స్. సానియా మీర్జా, అంకితా రైనాల మన జట్టు 1-3తో ఓడింది. అయినా మొదటి రోజు తడబడితే, రెండో రోజు రివర్స్ సింగిల్స్‌లో, అంటే ప్రత్యర్థులు మారి ఆడే సింగిల్స్‌లో, కోలుకునే వీలుండేది. నాకు అదే ఇష్టం.

2025 నవంబర్‌లో బెంగళూరులో స్లొవేనియా, నెదర్లాండ్స్‌తో మూడు జట్ల గ్రూపు. రెండు జట్ల పోరుకు మూడే మ్యాచులు: రెండు సింగిల్స్, ఒక డబుల్స్. ఒక్క సింగిల్స్ జారితే మిగతా రెండూ గెలిచి తీరాలి. మూడు జట్లూ తలా ఒక పోరు నెగ్గితే మాత్రం గెలిచిన ప్రతి మ్యాచూ లెక్కకొస్తుంది. మనం రెండు పోరులూ ఓడి కిందికి దిగాం.

రాకెట్ పట్టిన పాలమూరు పిల్లలకు మాత్రం రెండోదే మేలు. మహబూబ్‌నగర్‌లో రైలెక్కితే బెంగళూరే. మూడు దేశాల సర్వీసు కళ్ళారా చూడొచ్చు.