బాపిరాజు చారిత్రక నవలలు: ఇరవై ఏళ్లుగా చదువుతున్నదాన్ని, నా మాట

అడివి బాపిరాజు నవల ఎవరికైనా చదవమని ఇచ్చానంటే రెండే రకాల జవాబులు వస్తాయి. ఒకటి, వారం తిరక్కుండా "ఇంకోటి ఉంటే ఇవ్వు" అని. రెండోది, నలభయ్యో పేజీలో బస్సు టికెట్ గుర్తుగా పెట్టి మూడు నెలల తర్వాత తెచ్చి టేబుల్ మీద పెట్టడం. ఇంటర్ సెలవుల్లో 'గోన గన్నారెడ్డి'తో మొదలుపెట్టి 'హిమబిందు', 'అడవి శాంతిశ్రీ', 'అంశుమతి' అన్నీ మళ్లీ మళ్లీ చదివినదాన్ని కాబట్టి, ఆ రెండో రకం వాళ్లు ఎక్కడ ఆగిపోతారో నాకు బాగా తెలుసు.

2015లో రుద్రమదేవి సినిమా చూసొచ్చి మా అక్క కొడుకు గన్నారెడ్డి పుస్తకం అడిగి పట్టుకెళ్లాడు. మొదలు బ్రహ్మాండం, పెళ్లిలోంచి పెళ్లికొడుకునే ఎత్తుకుపోతారు. అదే ఊపు చివరిదాకా ఉంటుందనుకున్నాడు పాపం. తర్వాత కోటలు, సేనలు, నగలు, వంశాల పేర్లు వరసగా వస్తుంటే "పిన్నీ, కథ మళ్లీ ఎప్పుడు మొదలవుతుంది?" అని ఫోన్ చేశాడు. వాడిది తప్పనను. నాకూ ఇప్పటికీ కథానాయికల అందం గురించి పేజీలకు పేజీలు వస్తే విసుగే, ఒకరికీ ఇంకొకరికీ తేడా తెలియదు, నాయకుల్లో ఒక్క లోపమూ కనపడదు. మధ్యలో ఆంధ్రుల ఘనత మీద వచ్చే మాటలు కొన్ని 1940ల నాటి సభలో ఉపన్యాసం విన్నట్టుంటాయి.

కానీ ఆయన చిత్రకారుడు, బందరు జాతీయ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా చేశాడు, సినిమాలకు కళాదర్శకత్వం చేశాడు. ముందు రంగులు వేసి, వెలుగు ఎటునుంచి పడుతుందో చూసుకుని, ఆ తర్వాతే మనిషిని తెస్తాడు. నాకిది అమ్మ వల్ల తెలిసింది. కంటి ఆపరేషన్ అయ్యాక అమ్మకి రోజూ సాయంత్రం హిమబిందు పైకి చదివి వినిపించేదాన్ని. కళ్లతో చదివినప్పుడు బరువనిపించిన వాక్యాలే గొంతులోకి వచ్చేసరికి పాటలా నడిచాయి, ఎడ్ల బళ్ల పందెం దగ్గర అమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

చరిత్ర తెలిసినవాళ్ల అభ్యంతరం వేరు. కాలేజీలో చరిత్ర చెప్పే నా స్నేహితురాలు "గజదొంగ గన్నారెడ్డి ఏ శాసనంలో ఉన్నాడే?" అని నిలదీసింది. ఆ దొంగతనాలకి శాసనం చూపించలేను, అది ఊహే. కానీ మనిషి ఊహ కాదు. రాయచూరు కోటకి వెళ్లి చూశాను, గోడలో 40 అడుగులు దాటిన ఒకే రాయి, దాని మీద 1294 నాటి శాసనం, అంత రాయిని బండి మీద వేసి దున్నపోతుల చేత లాగిస్తున్న బొమ్మ కూడా పక్కనే చెక్కారు. ఆ శాసనంలో గోన గన్నారెడ్డి పేరుంది. అప్పటికి రుద్రమదేవి లేదు, 1289లోనే చనిపోయిందని చందుపట్ల శాసనం బట్టి చెబుతారు. ఇవి తెలిసి చదివితే నవల ఏమీ చెడదు, పైగా ఎక్కడ ఊహ మొదలైందో కనిపిస్తుంటుంది.

నాలుగింటిలో నాకు ప్రాణం అడవి శాంతిశ్రీ. ఆ పేరు నిజంగా నాగార్జునకొండ శాసనాల్లో ఉంది, ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి కూతురు. బాపిరాజు 1952లో పోయాడు, సాగర్ డ్యామ్‌కి శంకుస్థాపన జరిగింది 1955లో. అంటే ఆయన రాసేనాటికి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ ఇంకా ఎండలోనే ఉంది. పుస్తకం రెండోసారి పూర్తిచేశాక సాగర్‌లో లాంచీ ఎక్కి కొండకి వెళ్తుంటే, అందరూ ముందుకి చూస్తున్నారు, నేను మాత్రం రెయిలింగ్ పట్టుకుని కింద నీళ్లలోకే చూస్తూ ఉండిపోయాను, అక్కడ కనపడేది ఏమీ లేదని తెలిసి కూడా.

కొత్తగా చదవాలనుకునేవాళ్లు గన్నారెడ్డితోనే మొదలుపెట్టండి, రోజుకి ఇరవై పేజీలు చాలు, వీలైతే పైకి చదవండి. ఒక్క జాగ్రత్త, కొనేముందు పేజీలు తిప్పి చూసుకోండి. నేను మళ్లీ కొన్న హిమబిందులో 16 పేజీలు రెండుసార్లు పడి, వాటి తర్వాతివి అసలు లేవు, షాపువాళ్లు మార్చి ఇవ్వలేదు. ఆ పేజీలు లైబ్రరీ కాపీలోంచి జిరాక్స్ తీయించి మధ్యలో అంటించుకున్నాను.