ఈ-వాణిజ్య చట్టాల సమన్వయం: నమూనా చట్టమా, ఒడంబడికా? ఏది మేలు?

గుంటూరు ఎగుమతిదారు ఒకరు కొలంబో దిగుమతిదారుకు మిర్చి ధర తెలుపుతూ ఈమెయిల్ పంపారనుకుందాం. జవాబు ఫలానా చిరునామాకే రావాలని అందులో రాయలేదు. ఆ ధరకు సరేనంటూ కొలంబో వ్యాపారి ఇచ్చిన జవాబు, గుంటూరు ఎగుమతిదారు రోజూ తెరిచే మెయిల్‌కు కాకుండా, సంస్థ వెబ్‌సైట్‌లో ఎప్పుడో పెట్టి మరిచిపోయిన మరో చిరునామాకు వెళ్లింది. నాలుగు రోజుల్లో మిర్చి యార్డులో ధర పెరిగింది, టిక్కీలు (మిర్చి బస్తాలు) వేరొకరికి అమ్ముడుపోయాయి. మరి కొలంబో జవాబు గుంటూరుకు అందినట్టా, అందనట్టా?

మన సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 13వ సెక్షన్ ప్రకారం, చిరునామా ప్రత్యేకంగా సూచించనప్పుడు, సందేశం గ్రహీత కంప్యూటర్ వ్యవస్థలోకి ప్రవేశించిన క్షణమే అందినట్టు. ఎలక్ట్రానిక్ సమాచారాలపై ఐక్యరాజ్యసమితి 2005లో ఆమోదించిన ఒడంబడికలోని 10వ అధికరణం మాత్రం, సూచించని చిరునామాకు సందేశం వచ్చిందన్న సంగతి గ్రహీతకు తెలిసేదాకా అది అందినట్టు భావించదు. శ్రీలంక ఆ ఒడంబడికలో చేరింది, భారత్ చేరలేదు. అంటే ఒకే జవాబు ఒక చట్టం కింద అందినట్టు, మరొకదాని కింద అందనట్టు అవుతుంది.

ఈ తేడాకు మూలం రెండు దేశాలు ఎంచుకున్న దారుల్లో ఉంది. భారత్ పట్టుకున్నది 1996 నాటి అన్సిట్రాల్ (ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వాణిజ్య చట్ట సంఘం) నమూనా చట్టాన్ని, అంటే దేశాలు తమ చట్టాలు రాసుకోవడానికి ఆధారంగా ఇచ్చిన ముసాయిదాను. దానివల్ల మేలు జరగలేదని అనలేం: ఎలక్ట్రానిక్ రికార్డుకు కాగితంతో సమానమైన గుర్తింపు వచ్చింది, దుబాయ్ సంస్థ ట్రైమెక్స్‌కూ వేదాంతా అల్యూమినియంకూ మధ్య బాక్సైట్ సరఫరాపై ఈమెయిళ్లలోనే ఒప్పందం కుదిరిందని 2010లో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఇచ్చింది. అయితే నమూనా చట్టాన్ని ప్రతి దేశమూ తనకు తోచినట్టు మార్చుకోవచ్చు. సంతకం విషయంలో ఏ సాంకేతికతకూ కట్టుబడని నియమాన్ని నమూనా సూచిస్తే, మనం 2000లో ఒకే రకం డిజిటల్ సంతకానికి పరిమితమై, 2008 సవరణతో గానీ దాన్ని సరిదిద్దుకోలేదు. ఎవరికి నచ్చినట్టు వారు కత్తిరించుకునే నమూనాతో చట్టాలు దగ్గరవుతాయే తప్ప ఒకటి కావు.

ఒడంబడికకూ లోపాలున్నాయి. 2013 మార్చి 1 నుంచి అమల్లో ఉన్నా చేరిన దేశాలు తక్కువ. అమెరికా చేరలేదు, చైనా సంతకంతో ఆగిపోయింది. వ్యక్తిగత, గృహ అవసరాల కొనుగోళ్లు దాని పరిధిలోకి రావు గనుక సాధారణ వినియోగదారుకు అందులో దొరికేదేమీ లేదు.

అయినా నేను ఒడంబడిక వైపే మొగ్గుతాను, అందుకు ముఖ్య కారణం దానిలోని 14వ అధికరణం. కొనుగోలుదారు వెబ్‌సైట్‌లో 500 టిక్కీలకు బదులు 5,000 అని కొట్టాడనుకోండి. ఎదుట మనిషి లేడు, ఆర్డరు తీసుకునేది యంత్రం, తప్పు దిద్దుకునే అవకాశం ఆ వ్యవస్థ ఇవ్వలేదు. అలాంటప్పుడు అతడు తప్పు తెలిసిన వెంటనే ఎదుటి పక్షానికి చెప్పి, ఆ సరుకు వల్ల ఏ లాభమూ పొందకుండా ఉంటే, తప్పు దొర్లిన భాగాన్ని వెనక్కి తీసుకోవచ్చునని ఒడంబడిక అంటుంది. సమాచార సాంకేతిక చట్టంలో ఇలాంటి నియమం లేదు. పైగా ఒక పక్షం మాత్రమే వాస్తవాన్ని పొరబడినంత మాత్రాన ఒప్పందాన్ని రద్దు చేయడానికి వీల్లేదని 1872 కాంట్రాక్టు చట్టంలోని 22వ సెక్షన్ చెబుతోంది. మనుషులు ఎదురెదురుగా కూర్చుని బేరమాడుకున్న రోజుల్లో అది సబబే. ఒక సున్నా ఎక్కువ పడితే చిన్న వ్యాపారి కుదేలయ్యే ఈ రోజుల్లో అది చాలా కఠినమైన మాట.

అయితే ఒడంబడికపై సంతకం పెట్టి ఊరుకుంటే విదేశీ ఆర్డరుకు ఒక నియమం, హైదరాబాద్ ఆర్డరుకు మరొకటి మిగులుతాయి. సింగపూర్ 2010లో ఒడంబడికను ధ్రువీకరిస్తూనే తన దేశీయ చట్టాన్నీ దానికి అనుగుణంగా తిరగరాసుకుంది. శ్రీలంక తన 2006 చట్టాన్ని 2017లో సవరించుకుంది. మనమూ 13వ సెక్షన్‌ను మార్చి, పొరపాటు ఆర్డర్లపై కొత్త సెక్షన్ చేర్చుకోవాలి.

ఎవరి ఒప్పందంలో వారే అన్నీ రాసుకోవచ్చు కదా అనే మూడో దారి పెద్ద సంస్థలకు సరిపోతుంది. న్యాయవాదిని పెట్టుకోలేని ఎగుమతిదారు కూడా, చట్టం మారేలోగా, ధర పంపే ప్రతి మెయిల్‌లో రెండు వాక్యాలు చేర్చుకోవచ్చు: జవాబు ఏ చిరునామాకు రావాలి, వివాదం వస్తే ఏ దేశ చట్టం వర్తించాలి.