పాత డీజిల్ కారు కొంటున్నారా? ముందు కూలెంట్ బాటిల్ మూత తీసి వేలు పెట్టండి

సెకండ్ హ్యాండ్ డీజిల్ కోసం తిరుగుతున్నవాళ్లకి నా 16,400 రూపాయల అనుభవం ఇది. మార్చిలో బెజవాడలో ఒక బ్రోకర్ దగ్గర 2012 మోడల్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. 1248 సీసీ ఇంజన్, మన రోడ్ల మీద అరడజను రకాల కార్లలో ఉన్నదే. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు కారుది కాదు.

చూడ్డానికి వెళ్లేసరికి బండి స్టార్ట్ చేసి ఏసీ వేసి పెట్టాడు. "ఎండన పడి వస్తున్నారు కదా సార్" అన్నాడు. మర్యాద అనుకున్నాను. కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు) బాటిల్ నిండుగా ఉంది. ఊరంతా తిప్పినా టెంపరేచర్ ముల్లు సగం దగ్గరికి కూడా రాలేదు. "చూశారా, ఇంజన్ ఎంత చల్లగా ఉందో" అన్నాడు. నేనూ సంతోషించాను. అక్కడే అనుమానపడాల్సింది.

మేలో హైదరాబాద్ వస్తుంటే సూర్యాపేట దాటాక ఏసీ గాలి వేడెక్కింది. చూస్తే ముల్లు ఎర్రగీత మీద ఉంది. నకిరేకల్ దగ్గర ఒక ధాబా పక్కన ఆపేశాను. బాటిల్ ఖాళీ. విచిత్రం ఏంటంటే కారు కింద ఒక్క చుక్క తడి లేదు. ధాబా కుర్రాడు మూత తిప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. వేడి ఇంజన్ లోపలి ప్రెషర్‌లో నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత వదులైన క్షణంలో ఒక్కసారిగా పొంగి మొహం మీదకి వస్తాయి. గంట ఆగి, చల్లారాక నీళ్లు పోసుకుని, మధ్యలో రెండుసార్లు ఆపుకుంటూ ఇంటికి చేరాను.

మా ఏరియా గ్యారేజీలో బానెట్ ఎత్తిన పది నిమిషాల్లో తేల్చేశారు: "హెడ్ గాస్కెట్ సార్, హెడ్ దించాలి, 38 వేలు." హెడ్ గాస్కెట్ అంటే ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు. అది పోతే తరచుగా కనిపించే గుర్తులేవీ లేవు: సైలెన్సర్ నుంచి తెల్లపొగ లేదు, డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంది. ఎలా చెప్పారని అడిగితే "మా అనుభవం సార్" అన్నారు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

మా ఆఫీసు డ్రైవర్ చెప్పిన మేస్త్రీ ఇంకో రకం మనిషి. రాత్రంతా బండి అక్కడే ఉంచమన్నాడు. పొద్దున చల్లటి ఇంజన్ మీద బాటిల్‌కి గేజి ఉన్న చేతి పంపు బిగించి 1 బార్ దాకా గాలి కొట్టి, "టీ తాగొద్దాం పదండి" అన్నాడు. వచ్చేసరికి గేజి 0.6కి పడింది, అంటే ఎక్కడో లీకుంది. టార్చి వేసి, చిన్న అద్దం లోపలికి పెట్టి చూపించాడు. వాటర్ పంపు అడుగున ఉండే చిన్న చిల్లు నుంచి గంజి ఎండినట్టు తెల్లటి చార, దాని కొసన ఉబ్బుతున్న ఒక చుక్క. లోపలి సీలు అరిగితే నీళ్లు బయటపడ్డానికే ఆ చిల్లు పెడతారట. బండి నడుస్తున్నప్పుడు ఆ చుక్క వేడి ఇంజన్ మీదే ఆవిరైపోతుంది, అందుకే నేల తడవలేదు. గాస్కెట్ అనుమానం కూడా తీర్చేశాడు. బాటిల్‌లోని గాలిని నీలం మందులోంచి లాగితే, గాస్కెట్ పోయి అందులో సిలిండర్ గ్యాస్ కలిసుంటే రంగు మారాలి. నీలం నీలంగానే ఉంది.

తర్వాత రేడియేటర్ ఖాళీ చేస్తే ముద్ద ముద్దగా పసుపుపచ్చటి బురద దిగింది. మేస్త్రీ వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, నా ముక్కు దగ్గర పెట్టాడు. "పసుపు బాబూ. మీ ఇంట్లో పప్పులో కూడా ఇంత వెయ్యరు."

దారిలో ఇరుక్కున్న డ్రైవరు ఇల్లు చేరడానికి పసుపు వేసుకోవడం పాత చిట్కానే, దాన్ని తప్పుపట్టను. కానీ అది చిల్లుతోపాటు రేడియేటర్ సన్న గొట్టాల్నీ మూసేస్తుంది. అది వేసి, పైన కూలెంట్ నింపి అమ్మడం మోసం. ఇంకోటి, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌లోకి వదలని వాల్వు) గూడు విప్పితే లోపల ఏమీ లేదు, పీకేశారు. అది లేకపోతే మొదటి నిమిషం నుంచే నీళ్లు రేడియేటర్‌లో తిరుగుతాయి, ముల్లు ఎప్పుడూ కిందే ఉంటుంది, మైలేజీ పడిపోతుంది. బ్రోకర్ చూపించిన చల్లదనం రహస్యం ఇదన్నమాట.

పంపు, బెల్టు, థర్మోస్టాట్, రేడియేటర్ కొత్తవి వేసి, మూడుసార్లు కడిగి, సగం కూలెంట్ సగం డిస్టిల్డ్ వాటర్ పోస్తే మొదట్లో చెప్పిన బిల్లు. హీటర్ ఇప్పటికీ వేడి గాలి ఇవ్వదు, దాని గొట్టాలూ పూడుకుపోయాయి. వదిలేశాను. బ్రోకర్‌కి ఫోన్ చేస్తే "రెండు నెలలైంది కదా సార్, పాత బండంటే ఏదో ఒకటి ఉంటది" అన్నాడు.

మీరు వెళ్లేటప్పుడు ముందురోజే చెప్పండి, మేం వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని. చల్లగా ఉన్నప్పుడు మూత తీసి లోపలి అంచు వేలితో తుడిచి చూడండి. పసుపు మరక, జిగురు ఉంటే బయటపడుతుంది. స్టార్ట్ చేశాక రేడియేటర్‌కి వెళ్లే పై పైపు పట్టుకోండి. మంచి బండిలో అది కాసేపు చల్లగానే ఉండి, ఇంజన్ 80-90 డిగ్రీలకి వచ్చాక గబుక్కున వేడెక్కుతుంది. మొదటి నుంచీ మెల్లమెల్లగా వెచ్చబడుతుంటే థర్మోస్టాట్ లేనట్టే. హీటర్ ఫుల్‌లో పెట్టి చూడండి. మే నెలలో బెజవాడలో హీటర్ వెయ్యమంటే పిచ్చోణ్ణి చూసినట్టు చూస్తారు, చూడనివ్వండి.

మొన్న ఆదివారం మా బావమరిది ఒక డీజిల్ బండి చూడ్డానికి పొద్దున ఏడింటికే వెళ్లాడు. రాత్రి నుంచి తాళం తియ్యలేదన్నారు. బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. వాళ్లిచ్చిన టీ తాగేసి వచ్చేశాడు.