వేలికి పెట్టే ఆక్సీమీటర్: మూడు స్టార్లు, మిగతా రెండూ ఎందుకు కోశానంటే

2021 మేలో కొన్నాను. అప్పుడు దొరకడమే గొప్ప, మెడికల్ షాపతను రెండు వేలంటే నోరెత్తకుండా ఇచ్చేశాను. కంపెనీ పేరు చెప్పను, ఇది ఆ ఒక్క కంపెనీ గొడవ కాదు. క్లిప్పు ఇంకా గట్టిగానే ఉంది, పల్స్ బాగానే చూపిస్తుంది, ఆ మూడు స్టార్లు అందుకే.

మా నాన్న బాగా నలుపు. కోవిడ్ వచ్చిన ఆరో రోజు ఆయాసంతో మాట కూడా సరిగ్గా రావట్లేదు, ఇదేమో రక్తంలో ఆక్సిజన్ 95 శాతం అంటోంది. 94 పైనే ఉంది, ఫర్లేదు కదా అని రాత్రంతా ఇంట్లోనే కూర్చున్నాం. పొద్దున ఆస్పత్రిలో మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి చూస్తే 86. చేతులు చల్లబడినా మీటరు తప్పు చూపిస్తుంది కాబట్టి అంతా రంగు వల్లేనని ఒట్టేసి చెప్పలేను, కానీ ఆ తర్వాత దీని గురించి చదివాక మాత్రం ఒళ్లు మండింది.

ఇది ఎరుపు కాంతినీ, కంటికి కనిపించని పరారుణ కాంతినీ వేలిలోంచి పంపి లెక్క కడుతుంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా ఆ కాంతిని పీల్చుకుంటుంది. సరే, మరి ఆ లెక్క సరిచూసేటప్పుడు ఎవరి వేళ్లు పెట్టారు? అమెరికాలో మందులకీ, వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2013లో చెప్పింది, పరీక్షలో ముదురు రంగు వాళ్లు కనీసం ఇద్దరు, లేదా మొత్తంలో 15 శాతం, ఏది ఎక్కువైతే అంతమంది ఉండాలని. ఇద్దరట! 2020 డిసెంబరులో మిషిగన్ డాక్టర్లు బయటపెట్టిన లెక్కల్లో, మీటరు 92-96 చూపిస్తున్నా రక్తంలో నిజంగా 88 కంటే తక్కువున్న సందర్భాలు తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లజాతి రోగుల్లో 11.7. ఆక్సిజన్ పెట్టాలా, ఇంటికి పంపాలా అని తేల్చేది ఆ అంకెను చూసే కదా. అక్కడ నర్సుకి ఎవరిమీదా ద్వేషం ఉండక్కర్లేదు, మిషనే ఆ పని చేసిపెడుతుంది. "రంగు తక్కువ" అన్నది పెళ్లిచూపుల మాట అనుకునేవాణ్ణి, ఐసీయూలో కూడా ఉందన్నమాట.

2025 జనవరిలో ఎఫ్‌డీఏ కొత్త ముసాయిదా తెచ్చింది, రకరకాల రంగుల వాళ్లని ఎక్కువమందిని పెట్టి పరీక్షించాలని. వెల్‌నెస్ పేరుతో అమ్మే చవక మీటర్లకి మాత్రం అది వర్తించదు.

కొనొద్దని అనను. ఒంట్లో బాగున్నప్పుడే పెట్టుకుని మీ అంకె రాసిపెట్టుకోండి, జబ్బు చేసినప్పుడు దాన్నుంచి ఎంత పడిందో చూడండి. ఆయాసం ఉంటే మాత్రం అది ఎంత చూపించినా ఆస్పత్రికి బయల్దేరండి. అన్నట్టు, డబ్బాలో వచ్చిన కాగితంలో నెయిల్ పాలిష్ గురించి రెండు లైన్లున్నాయి, చర్మం రంగు గురించి ఒక్క ముక్క లేదు.