ట్రావెల్ ట్రైలర్‌ను ఇంటి దగ్గర నిలపడమా, స్టోరేజ్‌లో ఉంచడమా: ఏది మేలు?

కారు లేదా ట్రక్కు వెనుక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, అంటే ట్రావెల్ ట్రైలర్, కొనేటప్పుడు పడకలెన్ని, వంటగట్టు ఎంత అని ఆరా తీసేవారే గానీ, ఏడాదిలో ఎక్కువ రోజులు కదలకుండా ఉండే ఆ బండికి చోటెక్కడ అని ముందే ఆలోచించేవారు తక్కువ. అమెరికా శివారు కాలనీల్లో ఉంటున్న మన కుటుంబాల ముందు సాధారణంగా మూడు దారులుంటాయి: ఇంటి పక్క ఖాళీ జాగా, పైకప్పున్న అద్దె స్టోరేజ్, ఆరుబయలు యార్డు. ఇంటి ముందరి డ్రైవ్‌వేను నేను లెక్కలోకి తీసుకోవడం లేదు. చాలా కాలనీల్లో హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) నిబంధనలు, సామాను ఎక్కించి దించుకునేటంత సమయం తప్ప, వీధిలోకి కనిపించేలా ట్రైలర్‌ను నిలపనివ్వవు. నగరం పెట్టిన నిబంధనలు వేరుగా ఉంటాయి కనుక రెండూ చదవాలి.

ఇంటి పక్క జాగా ఉంటే నెల నెలా అద్దె మిగులుతుంది, నిజమే. అయితే అసలు పరీక్ష చివరి 50 అడుగుల్లో ఉంటుంది. ట్రైలర్ వెడల్పు 8 నుంచి 8.5 అడుగులు, గేటు 12 అడుగులున్నా, ఇరుకు వీధిలో దాన్ని 90 డిగ్రీలు తిప్పి వెనక్కి పోనివ్వడం తేలిక కాదు. స్టీరింగ్‌ను కింది భాగంలో పట్టుకుంటే చెయ్యి ఎటు కదిలితే ట్రైలర్ వెనుక భాగం అటే వెళుతుంది. ఎడమకు తిప్పేటప్పుడు డ్రైవరు తన కిటికీలోంచే దాన్ని చూడగలడు, కుడికి తిప్పితే అది కనుమరుగవుతుంది. కాబట్టి ఏ దిక్కునుంచి వస్తే గేటు ఎడమకు పడుతుందో చూసుకొని రావాలి. డ్రైవ్‌వే వీధిని కలిసేచోట పల్లం ఎక్కువైతే ట్రైలర్ తోక నేలకు రాసుకుంటుంది.

ఇంటి దగ్గర ఉంటే బ్యాటరీ చార్జింగులో ఉంటుంది, ప్రయాణానికి ముందురోజే ఫ్రిజ్‌ను చల్లబరచుకోవచ్చు. ఇక్కడొక ప్రమాదం ఉంది. 30 ఆంపియర్ల ట్రైలర్ సాకెట్టు 120 వోల్టులది; బట్టల డ్రయర్ సాకెట్టును పోలి ఉందని పొరబడి ఎలక్ట్రీషియన్ 240 వోల్టులు ఇస్తే లోపలి పరికరాలు కాలిపోతాయి. మామూలు 15 ఆంపియర్ల సాకెట్టుకు అడాప్టరు తగిలించి ఏసీ నడపడం కూడా మంచిది కాదు.

స్టోరేజ్‌లో దారులు విశాలంగా ఉంటాయి గనుక వెనక్కి నడపడం సులువు. కానీ అన్నిచోట్లా కరెంటు ఉండదు. పైగా నెలలపాటు ఎవరూ చూడని ట్రైలర్ పైకప్పు అతుకుల్లోంచి నీరు దిగితే లోపలి చెక్క కుళ్ళాక గానీ తెలియదు. ఎలుకల సంగతీ అంతే. ఆరుబయలు యార్డులో వీటికి తోడు ఎండకు టైర్ల రబ్బరు పగుళ్ళు తీస్తుంది. అద్దె తక్కువని దాన్ని ఎంచుకోవడం నాకు సమ్మతం కాదు.

గేటులోకి ఎడమకు తిప్పి పోనివ్వగలిగి, కాంక్రీటు లేదా గట్టి కంకర నేల ఉండి, హెచ్‌ఓఏ అనుమతి చేతిలో ఉంటే ఇంటి పక్క జాగానే మేలు. వారానికోసారి చూసే కన్నుకు ఏ అద్దె స్థలమూ సాటిరాదు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా పైకప్పున్న స్టోరేజ్‌కు వెళ్ళడమే సముచితం. ఎక్కడ నిలిపినా హిచ్ (ట్రైలర్‌ను బండికి తగిలించే కొక్కెం) విప్పకముందే చక్రాలకు ముందూ వెనుకా అడ్డుదిమ్మెలు పెట్టాలి, విప్పిన తరువాత కాదు.