నెపోలియన్ దారిలో మూడు చోట్లు: ముందు ఏది చూడాలి?

మా నాన్నగారు ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పారు. నెపోలియన్ పాఠం రోజున పక్క సెక్షన్ పిల్లలు కూడా కిటికీల దగ్గర చేరేవారట. ఈసారి ఎక్కడికి వెళ్దాం అంటే ఆలోచించకుండా "వాటర్లూ" అన్నారు, నెపోలియన్ ఆఖరిసారి ఓడిపోయిన చోటు. ఆయనా, నేనూ, మా అమ్మాయీ సెప్టెంబరులో ఆరు రోజులు తిరిగొచ్చాం.

పారిస్‌లో దిగిన మర్నాడే నెపోలియన్ సమాధి ఉన్న అన్వాలిడ్‌కి వెళ్లాం. అక్కడే పొరపాటు చేశాం, దాన్ని ఆఖరికి ఉంచుకోవాల్సింది. బంగారు గుమ్మటం కింద గుండ్రంగా దిగిపోయిన హాలు, నడుమ ఎర్రరాతి సమాధి. పైన రెయిలింగు దగ్గర నిలబడి చూడాలంటే ఎవరైనా తల వంచాల్సిందే. 1821లో సెయింట్ హెలెనాలో పోయిన మనిషిని 1840లో తీసుకొచ్చారు, ఈ సమాధిలో పెట్టేసరికి 1861 అయింది. చుట్టూ నేలమీద ఎనిమిది విజయాల పేర్లున్నాయి. ఆస్టర్లిట్జ్, మరెంగో అని చదువుకుంటూ నాన్నగారు మాస్కోవా (మాస్కో దారిలో జరిగిన బొరొడినో యుద్ధం) దగ్గర ఆగిపోయారు. "1812లో రష్యా మీదికి ఆరు లక్షల మందితో వెళ్లాడమ్మా. తిరిగొచ్చింది కొద్దిమందే. ఇక్కడ మాత్రం అది గెలుపే" అన్నారు మా అమ్మాయితో.

బస గార్ ద లియోన్ స్టేషన్ పక్కనే తీసుకున్నాం. లిఫ్ట్ ఉందని బుకింగులో రాశారు, వెళ్తే లేదు. సూట్‌కేసులు నాలుగో అంతస్తుకి మోశాను. పెద్దవాళ్లతో వెళ్లేవారు లిఫ్ట్ సంగతి ముందే ఫోన్ చేసి కనుక్కోండి. నెపోలియన్ కోట ఉన్న ఫాంటెన్‌బ్లోకి రైలు ఆ స్టేషన్ నుంచే కాబట్టి చోటు మాత్రం కలిసొచ్చింది. సుమారు నలభై నిమిషాల ప్రయాణం, దిగాక కోటకి బస్సు.

ఒక్కరోజే ఉంటే నేను ఫాంటెన్‌బ్లోకే వెళ్లమంటాను. సింహాసనం గది నెపోలియన్ కాలంలోలాగే ఉంది. దాన్ని చూసిన కళ్లతోనే చిన్న ఎర్ర గదిలో గుండ్రటి బల్ల చూస్తాం. మన ఇళ్లలో టీపాయ్ అంత ఉంటుందేమో. 1814 ఏప్రిల్‌లో సామ్రాజ్యం వదులుకుంటూ సంతకం పెట్టింది దానిమీదే అంటారు. అక్కడ నాకు గొంతు పట్టేసింది. బయట గుర్రపు నాడా ఆకారంలో మెట్లున్నాయి. ఏప్రిల్ 20న వాటిమీదుగా దిగివచ్చి తన పాత గార్డు సైనికుల దగ్గర సెలవు తీసుకుని ఎల్బా దీవికి ప్రవాసం బయల్దేరాడు. ఏడాది తిరక్కుండానే మళ్లీ పారిస్‌లో ఉన్నాడు.

బ్రస్సెల్స్ నుంచి వాటర్లూకి బ్రేన్ లాల్యూ స్టేషన్‌లో దిగి బస్సెక్కాలి. సింహం గుట్టకి 226 మెట్లు, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కలేకపోయినా బాధపడక్కర్లేదు. ఆ గుట్ట యుద్ధం తర్వాత కట్టింది, అక్కడి దిబ్బ మట్టే తవ్వి పోశారు. నెపోలియన్‌ని ఎదిరించిన బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ తన సేనని దాచిన మిట్ట అలా తరిగిపోయింది. ఈ వెల్లింగ్టన్ మనకి కొత్తవాడు కాదు, 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో నిజాం సేనతో ఉన్న ఆర్థర్ వెల్లెస్లీయే. గుట్ట కింద, 110 మీటర్ల చుట్టుకొలతతో 1912 నాటి పనోరమా చిత్రం ఉంది. నాన్నగారు అందులోంచి గంటసేపు బయటికి రాలేదు.

అక్కడికి కొన్ని కిలోమీటర్ల దూరంలో ల కాయు అనే పల్లె ఇల్లు. జనం తక్కువ, తప్పక వెళ్లండి. యుద్ధానికి ముందు, 1815 జూన్ 17 రాత్రి నెపోలియన్ పడుకున్నది ఇక్కడే. గదిలో మడతపెట్టే ఇనప మంచం ఉంది. బస్సు కోసం చూసి విసిగి టాక్సీ పిలిస్తే నలభై నిమిషాలు పట్టింది. ఆలోగా నాన్నగారు తోటలో బెంచీమీద కూర్చుని మా అమ్మాయిని పక్కకి పిలిచారు.

"ఆ రాత్రంతా వాన. తెల్లారేసరికి నేలంతా బురద. ఫిరంగులు కదలవు, గుండు పడితే మట్టిలో దిగిపోతుంది. అందుకే నేల ఆరేదాకా ఆగాడు. ఆ ఆలస్యంలో ఎవరొచ్చారో చెప్పు?"

"ప్రష్యా వాళ్లు తాతయ్యా, వెల్లింగ్టన్‌కి సాయంగా" అంది అది.