జాగ్రత్త: "లెదర్ లేసింగ్ కిట్" అని దారంతో కుట్టే సామాను పంపుతున్నారు

విశాఖలో తోలు పని నేర్చుకుంటున్నవాళ్ళు, ముఖ్యంగా పర్సు అంచుకి జడ అల్లినట్టు లేస్ (సన్నటి తోలు పట్టీ) అల్లడం మీద మనసు పడ్డవాళ్ళు, ఆన్‌లైన్‌లో "లేసింగ్ కిట్", "ఎడ్జ్ బ్రెయిడింగ్ సెట్" అని కనిపించేవి కొనేముందు ఇది చదవండి. ఈ మధ్య మేం విప్పి చూసిన కిట్లలో వరస ఒకటే. ఫొటోలో నిండుగా, మెరుస్తూ డబుల్ లూప్, అంటే ప్రతి కుట్టుకీ లేస్ రెండు సార్లు తిరిగే జడ అల్లిక ఉంటుంది. పెట్టెలో మాత్రం మైనపు దారంతో కుట్టే పనిముట్లు ఉంటాయి. వాటితో ఆ అంచు రాదు, ఎన్ని రోజులు సాధన చేసినా రాదు. కొత్తవాళ్ళు లోపం తమ చేతిలోనే ఉందనుకుని పని వదిలేస్తున్నారు. డబ్బు పోయినదానికన్నా మాకు అదే ఎక్కువ బాధగా ఉంది.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఉలి. లేసింగ్‌కి కావలసిన ఉలి పళ్ళ మొన చదునుగా, చిన్న స్క్రూడ్రైవర్ మొనలా ఉంటుంది. ఒక్కో పన్ను వెడల్పు 2.4 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో 3/32 వంతు, లేదా 3 మిల్లీమీటర్లు. దాన్ని కొడితే తోలులో ముక్క ఊడి రాదు, సన్నటి చీలిక పడుతుంది. లేస్ కూడా చదును పట్టీయే కాబట్టి మెలి పడకుండా చీలికలోంచి జారిపోతుంది, ఆ తర్వాత చీలిక దగ్గరకి చేరి లేస్‌ని పట్టుకుంటుంది. కిట్లలో వస్తున్నవి డైమండ్ ఉలులు. వాటి పళ్ళ మొన వజ్రం ఆకారంలో, అంచుకి ఏటవాలుగా ఉంటుంది. దారంతో కుట్టడానికి అవి చక్కటి పనిముట్లే, కానీ పని వేరు.

ఇక్కడ చాలామంది ఒక అంకె దగ్గర మోసపోతున్నారు. ఉలి మీద "4 ఎం.ఎం." అని ఉంటుంది. లేస్ 3 మిల్లీమీటర్లే కదా, సులువుగా దూరుతుంది అనుకుంటారు. ఆ 4 బెజ్జానికీ బెజ్జానికీ మధ్య దూరం. బెజ్జం వెడల్పు రెండు మిల్లీమీటర్లు దాటడమే కష్టం.

అందులోంచి 3 మిల్లీమీటర్ల లేస్ లాగితే ఏమవుతుందో దగ్గర నుంచి చూడండి. సూది దూరుతుంది, లేస్ ఆగిపోతుంది. పట్టకారుతో లాగితే వస్తుంది కానీ రెండు అంచులూ లోపలికి ముడుచుకుని గొట్టంలా వస్తుంది. నాలుగైదు బెజ్జాలు దాటేసరికి పైన రంగు పొర గీతలు గీతలుగా లేచి కింద పాలిపోయిన పీచు బయటపడుతుంది. సరైన చీలికల్లో కూడా లేస్‌కి ఒరిపిడి తప్పదు. డబుల్ లూప్‌లో ఒక మీటరు లేస్ సుమారు పన్నెండు సెంటీమీటర్ల అంచునే కప్పుతుంది. 3/32 ఉలితో అంగుళానికి సుమారు ఐదు చీలికలు పడతాయి కాబట్టి ఆ లేస్ తోక పాతిక చీలికలు దాటి రావాలి. బిగుతు బెజ్జాల్లో పాతిక సార్లు ఈడిస్తే ఏ లేసూ మిగలదు.

అడిగితే కొందరు అమ్మకందార్లు "ఆరెతో బెజ్జం పెద్దది చేసుకోండి" అంటున్నారు. దయచేసి ఆ పని చేయకండి. నాలుగు మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున ఉన్న బెజ్జాలని మూడుకి పెంచితే మధ్యలో మిగిలేది ఒక్క మిల్లీమీటరు తోలు. కుట్టు బిగించగానే తపాలా బిళ్ళల షీటులా అంచు మొత్తం ఒకే వరసలో చిరుగుతుంది.

కొనేముందు ఫొటోని పెద్దది చేసి పళ్ళ మొన చూడండి. కనబడకపోతే అమ్మేవాళ్ళని రెండే ప్రశ్నలు అడగండి: మొన చదునుదా, వజ్రందా? ఒక పన్ను వెడల్పు ఎంత? రెండోదానికి 4 అనో 5 అనో జవాబు వస్తే వాళ్ళకి తెలియదనే అర్థం. లేసింగ్ ఛిజెల్, లేదా థాంగింగ్ ఛిజెల్ అని ఉండాలి. మూడు నాలుగు పళ్ళది ఒకటి, మూలలు తిరగడానికి ఒంటి పన్నుది ఒకటి, రెండూ ఉండాలి. ఒంటి పన్నుది లేని సెట్‌తో గుండ్రటి మూల దగ్గర చీలికలు పక్కకి వెళ్ళిపోతాయి. ఇంటికి వచ్చాక అయస్కాంతం ఆనించి చూడండి. అంటుకోకపోతే అది జింకు పోత కావచ్చు, నాలుగు దెబ్బలకి పళ్ళు వంగుతాయి.

రెండోది లేస్. "జెన్యూన్ లెదర్" అని రాసి ఉన్న చుట్టల్లో సగానికి సగం గుడ్డ మీద ప్లాస్టిక్ పూత వేసినవో, తోలు పొడిని జిగురుతో కలిపి అట్టలా వత్తినవో ఉంటున్నాయి. కొసని కొత్త బ్లేడుతో ఏటవాలుగా కోసి, వెలుతురులో పెట్టి భూతద్దంతో చూడండి. అసలు తోలైతే పై నుంచి కింది దాకా పీచు ఒకదాంట్లో ఒకటి అల్లుకుని ఉంటుంది, ఎక్కడ పొర ముగిసిందో చెప్పలేం. నకిలీదైతే పైన గాజులా నునుపైన పొర, కింద నేత దారాలు, మధ్యలో స్పష్టమైన గీత. వత్తిన తోలైతే గోటితో గీకితే పొడి రాలుతుంది. ఇంకా అనుమానం ఉంటే రెండు సెంటీమీటర్ల ముక్కని పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్లతో అంటించండి. తోలు జుట్టు కాలిన వాసన వేసి, ముడుచుకుని, నలిపితే పొడి అయ్యే బొగ్గులా మిగులుతుంది. ప్లాస్టిక్ కరిగి బొట్టు కడుతుంది, చల్లారాక గట్టి పూసలా ఉంటుంది. కిటికీ తీసి, నీళ్ళు పక్కన పెట్టుకుని చేయండి.

తడి తెల్లగుడ్డతో లేస్‌ని పది సార్లు తుడవండి. గుడ్డకి రంగు అంటితే ఆ పర్సు రేపు చొక్కా జేబుకీ అంటిస్తుంది, ఈ ఊరి చెమటకి మరీను.

ఒక విషయంలో మాత్రం అమ్మేవాళ్ళని తప్పుపట్టకండి. దూడ తోలు, మేక తోలు లేస్ చుట్టల్లో అతుకులు ఉండటం మామూలే. పొడవుగా ఏకంగా వచ్చేది కంగారూ లేస్. కంగారూ చర్మంలో పీచు పై పొరకి సమాంతరంగా పరుచుకుని ఉంటుంది, అందుకే పలచగా చెక్కినా తెగదు. అది ఆస్ట్రేలియా నుంచి దిగుమతి అయ్యే సరుకు. మేక లేస్ ధరకే "కంగారూ లేస్" ఇస్తున్నామంటే నమ్మకండి. అతుకు ఉండటం తప్పు కాదు గానీ, రెండు చేతులతో గట్టిగా లాగితే ఊడిపోయే అతుకు తప్పు. విప్పిన వెంటనే చుట్ట మొత్తం వేళ్ళ మధ్య నడిపించి ప్రతి అతుకునీ లాగి చూడండి.

పొడవు దగ్గర ఇంకో దెబ్బ. మేం చూసిన కిట్లలో పర్సు ముక్కలతో పాటు వచ్చింది మూడు మీటర్ల లేస్. లెక్క వేయండి. రెండు మడతల పర్సు విప్పితే సుమారు 24 సెంటీమీటర్ల పొడవు, 9.5 వెడల్పు. చుట్టుకొలత 67 సెంటీమీటర్లు. అంచు మీదుగా ఒక్క చుట్టు తిరిగే విప్ స్టిచ్‌కి చుట్టుకొలతకి మూడున్నర రెట్లు లేస్ పడుతుంది, డబుల్ లూప్‌కి ఏడెనిమిది రెట్లు. అంటే 67 సెంటీమీటర్లకి సుమారు అయిదు మీటర్లు, అతుకులకీ కొసలకీ కలిపి ఆరు ఉంచుకోవాలి. మూడు మీటర్లతో విప్ స్టిచ్ అయితే గట్టెక్కుతుంది, ఫొటోలో చూపించిన అల్లిక సగంలో ఆగిపోతుంది. తర్వాత అదే రంగు చుట్ట కొందామంటే ఛాయ కలవదు.

సూదుల సంగతి చిన్నదే. పెద్ద కన్ను ఉన్న ఊలు సూదులు ఇస్తున్నారు. కన్నులోంచి దూర్చి మడిస్తే లేస్ రెండు మందాలై చీలికని చింపుతుంది. కావలసింది వెనక రెండు రేకులు ఉండి, మధ్యలో లేస్ కొసని పట్టే ఇత్తడి సూది. అది దొరికేదాకా లేస్ కొసని మొన తేలేలా కోసి, రెండు సెంటీమీటర్ల మేర ఫెవిక్విక్ పూసి ఆరనివ్వండి, సూది లేకుండానే దూరుతుంది. అతుకులకి మాత్రం ఫెవిక్విక్ వాడొద్దు, అతుకు గట్టిపడి చీలికలో వంగినప్పుడు పుటుక్కుమంటుంది. పాత కొసని లోపలి వైపు, కొత్త కొసని పై వైపు ఒక సెంటీమీటరు పలచగా చెక్కి, చెప్పులకి వాడే రబ్బరు జిగురు రెండిటికీ పూసి, తడి ఆరాక కలిపి నొక్కితే వంగే అతుకు వస్తుంది.

తోలు ముక్కల్లో చూడాల్సింది పై పొర ఉందా లేదా అని. చీల్చిన కింది పొరకి ప్లాస్టిక్ పూత వేసినదైనా "జెన్యూన్ లెదర్" అనే అమ్ముతారు. దాని పీచుకి పట్టు ఉండదు, చీలిక సాగుతుంది. అంచు అల్లికకి చెట్టు బెరడుతో పదును చేసిన తోలు మేలు. మన దక్షిణాదిలో తంగేడు చెక్క, కరక్కాయతో పదును చేసే పాత పద్ధతి ఉంది, ఆ సరుకుని ఈ.ఐ. (ఈస్ట్ ఇండియా) లెదర్ అంటారు. బయటి ముక్క 1.6 నుంచి 2 మిల్లీమీటర్లు, లోపలివి 0.8 నుంచి 1.2 చాలు. ఇంతకు మించితే మూడు పొరల మందానికి ఉలి పన్ను మొదలు దాకా దిగి, పన్ను మొదలు లావుగా ఉంటుంది కాబట్టి చీలిక వెడల్పై నోరు తెరిచి ఉంటుంది.

విశాఖ గాలి గురించి ఏ కిట్ కాగితంలోనూ ఉండదు, అందుకే చెప్తున్నాం. బెరడు పదును తోలులో ఉండే టానిన్‌కి ఇనుము, తడి తోడైతే నీలి నల్లటి మచ్చ పడుతుంది, తుడిస్తే పోదు. బీచ్ రోడ్డు దగ్గర, పెదవాల్తేరు వైపు ఉండేవాళ్ళ ఉలులు ఉప్పుగాలికి తొందరగా తుప్పు పడతాయి. పని అవగానే కుట్టు మిషన్ నూనె పూసి పెట్టండి, మళ్ళీ వాడేముందు పొడిగా తుడవండి. వానాకాలంలో తోలుని ప్లాస్టిక్ సంచిలో కట్టేస్తే బూజు పడుతుంది, నూలుగుడ్డలో చుట్టి గాలి ఆడే చోట పెట్టండి. తడిగా ఉన్న లేస్‌ని బిగించి అల్లొద్దు. తడిలో అది సాగుతుంది, ఆరాక కుట్లు ఒక వరసలో ఉండవు.

మరి ఏం కొనాలి? కిట్ వద్దు, విడివిడిగా కొనండి. చదును పళ్ళ ఉలులు రెండు, రెండు రేకుల సూదులు నాలుగు, అంచు గీత గీయడానికి డివైడర్, చెక్క సుత్తి. ఇనప సుత్తి వద్దు, ఉలి తల పగులుతుంది. కింద వేసుకోవడానికి మాంసం కొట్టే చింత మొద్దు లాంటిదేదైనా బాగుంటుంది, పైన ఒక వేస్టు తోలు ముక్క వేయండి. తోలు చేత్తో తడిమి కొనాలనుంటే కోరమాండల్ ఎక్కి చెన్నై సెంట్రల్‌లో దిగండి, పక్కనే పెరియమేట్‌లో తోలు దుకాణాలున్నాయి.

లేస్ మీరే కోసుకోవచ్చు కూడా. పలచటి మేక తోలులో 16 సెంటీమీటర్ల వ్యాసంతో గుండ్రటి ముక్క తీసి, బయటి నుంచి లోపలికి 3 మిల్లీమీటర్ల వెడల్పుతో చుట్టుగా కోస్తూ వెళ్ళండి. మధ్యలో 4 సెంటీమీటర్ల బిళ్ళ వదిలేసినా ఆరు మీటర్ల పైన వస్తుంది. ఒక పర్సుకి సరిపోతుంది.

సామాను సరైనదైతే పని ఇలా నడుస్తుంది. పొరలని అంచు వెంబడి 3 మిల్లీమీటర్లే జిగురుతో అతికించి, అంచుకి 3 మిల్లీమీటర్ల లోపల గీత గీసి, అన్ని పొరలకీ కలిపి ఒకేసారి చీలికలు కొట్టండి. విడివిడిగా కొడితే ముందూ వెనకా లెక్క కలవదు. ముందు వేస్టు ముక్క మీద విప్ స్టిచ్ ఒక అడుగు వేయండి. డబుల్ లూప్‌లో ప్రతి కుట్టుకీ రెండు కదలికలు: సూదిని ముందు నుంచి చీలికలో దించి వెనక నుంచి అంచు మీదుగా ముందుకి తేవడం, అప్పుడు అంచు మీద ఏర్పడిన అడ్డపట్టీ కిందుగా సూదిని దూర్చి లాగడం. లేస్ నునుపు వైపు ఎప్పుడూ పైకే ఉండాలి. మూల దగ్గర ఒకే చీలికలోంచి రెండు మూడు సార్లు తిప్పండి, లేకపోతే మూల బోడిగా కనిపిస్తుంది. ఒకసారికి మీటరుకి మించి లేస్ ఎక్కించవద్దు. అయ్యాక నున్నటి చెక్క సుత్తితో మెల్లగా తట్టితే అల్లిక చదునుగా కూర్చుంటుంది.

ఇప్పటికే కిట్ తెప్పించుకున్నవాళ్ళు వాపసు గడువు దాటకముందే పెట్టె విప్పే వీడియో తీయండి. స్కేలు పక్కన పెట్టి ఉలి పళ్ళ ఫొటో, లేస్ కోసిన కొస ఫొటో, చుట్ట మొత్తం పొడవు కొలిచిన ఫొటో ఉంచుకోండి. అమ్మకం పేజీలో "లేసింగ్" అని ఉన్న చోట స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఫిర్యాదు వెళ్ళాక పేజీ మార్చేస్తున్నారు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అమ్మినవాళ్ళు ఏ రాష్ట్రంలో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, రెండేళ్ళ లోపు. అయిదు లక్షల లోపు విలువకి ఫీజు లేదు. ఫిర్యాదులో "నాణ్యత బాగోలేదు" అని రాస్తే వాదన మొదలవుతుంది. "లేసింగ్ ఉలి అని చెప్పి డైమండ్ ఉలి పంపారు, పన్ను వెడల్పు ఇంత, లేస్ వెడల్పు ఇంత, దూరడం లేదు" అని కొలతలతో రాయండి.